నాలుగు నువ్వుల తరుగు

నేను ఒక త్రాసును. కూరగాయల బండి మీద రాళ్లతో కుస్తీ పట్టే తక్కెడను కాను, బంగారం తూచే అవుసలి త్రాసును. నా రెండు పళ్లాలూ కలిపి మీ అరచేతిలో ఇముడుతాయి. నా ఇత్తడి దండె జానెడు కూడా ఉండదు. కానీ నా దగ్గర కూర్చుని ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే నా ముల్లు ఇట్టే పసిగడుతుంది. అందుకే మా పెద్దాయన, నాగోజు రాజలింగం, దుకాణంలో ఒక నియమం పెట్టాడు. నిట్టూర్చదలచుకున్నవాళ్లు గడప బయటే నిట్టూర్చి లోపలికి రావాలి.

నన్ను మెట్‌పల్లిలో ఒక కంచరాయన చేశాడు. రాజలింగం మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారి ఒప్పుకున్నాడు. నాకోసం టేకు పెట్టె చేసింది ఆయన బావమరిది. వడ్లపనిలో దిట్టే గానీ ఆ రోజు లెక్క తప్పాడు. పళ్లాలకు, దండెకు, తూకపు గింజలకు తలా ఒక గుంట తవ్వి, మీదికి ఇంకొక గుంట ఎక్కువ తవ్వేశాడు. దానిలో ఏం పెట్టాలో నలభై ఏళ్లు ఎవరికీ తోచలేదు. ఈ కథలో దానికీ పని పడింది.

నా తొలి స్నేహితులు గురిగింజలు. గురిగింజ తన కింద నలుపు ఎరగదని మీరంతా దాన్ని ఎగతాళి చేస్తారు. ఆ నలుపుతోనే మీ పుస్తెలు తూచామని మరిచిపోతారు. ఇంకో సామెత నాకు మరీ ఒళ్లుమంట. అవుసలాయన కన్నతల్లి ముక్కుపుడకలోనైనా రవ్వంత దాచుకుంటాడట! మా దుకాణంలో ఆకురాయి పట్టినప్పుడు రాలే రజనును, అంటే ఆ సన్నని బంగారపు పొడిని, రాజలింగం ఏనాడూ పారేయలేదు, దాచుకోనూ లేదు. కుంచెతో ఊడ్చి, కాగితంలో మడిచి, నగతోపాటు ఇచ్చేవాడు. కొడుకు శంభయ్యకు ఆస్తిగా వచ్చినవి ఆ అలవాటూ నేనూ.

శంభయ్య చేతి గురించి నేను చెబితే సొంత డబ్బా అనుకుంటారు. ఊరిని అడగండి. మా వాడలో ఆయన కుట్టని చెవి లేదు. మేనమామ ఒడిలో పిల్లను కూర్చోబెడతారు. శంభయ్య సన్నని బంగారు తీగ కొనను సూదిలా అరగదీసి, చెవితమ్మెకు కుంకుమ చుక్క పెట్టి, పిల్ల బెల్లంముక్క వైపు చూసేలోపు తీగను దాటించి ముడి తిప్పేస్తాడు. ఏడుపు వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. ఎదురింటి ఎల్లవ్వ తన చెవులు రాజలింగం చేత, తన బిడ్డ చెవులు శంభయ్య చేత కుట్టించింది. పొద్దస్తమానం అరుగు మీద బీడీలు చుడుతూ ఆ సంగతి దారిన పోయేవాళ్లకు చెప్పుకునేది.

తర్వాత డిజిటల్ మిషన్ వచ్చింది. ఎర్ర అంకెలు, అద్దాల గూడు. ఓడలు బళ్లవుతాయంటారు, నేను నేరుగా బీరువా పాలయ్యాను. దుకాణం మాటలు చెక్క వెనక నుంచి వింటూ కాలం గడిపాను.

అలా విన్నవాటిలో ఒకటి జీపు చప్పుడు. శంభయ్య ఎవరి దగ్గరో కొన్న గొలుసు దొంగసొత్తని తేలిందట. పోలీసులు వచ్చి ఆయనను తీసుకుపోయారు. మూడు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టి, నీ తప్పేం లేదు పొమ్మన్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఆయన వెంట ఆ జీపు చప్పుడూ ఇంటికి వచ్చేసింది. వీధిలో ఏ బండి ఆగినా శంభయ్య గుండె దడదడలాడేది, పట్టకారు జారిపోయేది. జగిత్యాలలో ఒక డాక్టరు చిన్న గోలీ రాసి, నెలరోజులు వేసుకుని మళ్లీ రమ్మన్నాడు. గోలీ బాగా పనిచేసింది. అదే చిక్కయింది. నెల కాస్తా ఆరేళ్లయింది. మందుల దుకాణాయనకు చీటీ చూపించే పని కూడా లేకపోయింది. మనుషులు ఇంట్లో నల్లా కారుతుంటే చూడలేరు గానీ, పనిచేస్తున్నదాన్ని మాత్రం ఎన్నేళ్లయినా అడగరు.

ఒక పెళ్లిలో వియ్యంకుల తరఫు పెద్దమనిషి అడిగాడట, ఏం గోలీ బావా అది, నిద్రగోలీయా, మత్తుగోలీయా అని. శంభయ్యకు తల కొట్టేసినట్టయింది. తెల్లారి దుకాణంలో భార్య కళావతి ముందు ఆ గోలీల అట్టను చెత్తబుట్టలో పడేశాడు.

"తంబాకు ఒక్కదినంల ఇడిసిన. గీ గోలీ ఎంత?" అన్నాడు.

తంబాకు వేరు, ఇది వేరు. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్లు అప్పటికి లేరు. మొదటి రోజు మీసం మెలేశాడు. మూడో రోజుకు చెవుల్లో కీచురాళ్లు దూరాయి. నిద్ర పోయింది. ఒంటి మీద చీమలు పాకినట్టు, వెలుతురు కళ్లలో గుచ్చినట్టు ఉండేది. పళ్లెంలో అన్నం కలపబోతే మెతుకులు ఎగిరి పడేవి. పాత భయం పదింతలై తిరిగొచ్చింది. జీపు లేకుండానే జీపు చప్పుడు వినబడేది.

అయిదో రోజున ఎల్లవ్వ మనవరాలు రితికను ఎత్తుకొచ్చింది. పిల్లకు ఏడో నెల. చెవులు బేసి నెలలోనే కుట్టాలి కదా, మేనమామ కూడా వచ్చాడు, బెల్లం కూడా వచ్చింది. శంభయ్య తీగ పట్టాడు. కుంకుమ చుక్క ఒకచోట, తీగ కొన ఒకచోట. ఆ కొన పిల్ల చెంప దాకా పోయి ఆగింది. శంభయ్య తీగను పీట మీద పెట్టేశాడు.

"ముహూర్తం మంచిగ లేదక్కా. పదకొండో నెలల చూద్దాం," అన్నాడు.

ఎల్లవ్వ ఆయన చేతుల వైపు ఒకసారి చూసి, "సరే తమ్మీ," అని పిల్లను ఎత్తుకుపోయింది.

ఆ పూట శంభయ్య దుకాణం తలుపులు వేసి భార్యతో అన్న మాట నేను బీరువాలోంచి విన్నాను. "నా చేతులు సచ్చిపోయినయే. ఇగ దుకాణం ఎందుకు?" చేతులు లేని అవుసలి ముల్లు లేని త్రాసుతో సమానం. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది.

కళావతి ఏడవలేదు. చెప్పులేసుకుని, ఆయనను జగిత్యాల బస్సెక్కించింది. ఈసారి వేరే డాక్టరు, నస్రీన్ మేడం. తర్వాత కళావతి ఎల్లవ్వకు చెబుతుంటే విన్నదాన్ని బట్టి, డాక్టరమ్మ ముందు తిట్టింది, తర్వాత నవ్వింది. "ఆరేండ్లు వాడిన గోలీని ఒక్కసారిగ బంద్ చేస్తరా? ఫిట్స్ వస్తే ఏం చేస్తుంటిరి? మీ చేతులు చచ్చిపోలేదు పెద్దాయనా. మీకు ధైర్యం లేక కూడా కాదు. ఒంటికి అలవాటైంది, ఒక్కసారి గుంజేస్తే అది మొత్తుకుంటున్నది. మళ్లీ మొదలుపెట్టి కుదుటపడినంక, మెల్లమెల్లగ దింపుకుందాం. నేను చెప్పిందే లెక్క, సొంత లెక్కలు వద్దు," అందట.

గోలీ తిరిగి మొదలయ్యాక చేతులు నిలకడకు వచ్చాయి. దింపడం దగ్గర మళ్లీ పేచీ. బ్లేడుతో కోస్తే గోలీ ఒకనాడు పెద్ద ముక్క, ఒకనాడు చిన్న ముక్క, మిగతాది పిండి. పెద్ద ముక్క నాడు మత్తు, చిన్న ముక్క నాడు వణుకు. జీవితమంతా వెంట్రుకవాసి తేడా పట్టిన మనిషికి ఇది ఎట్లా నచ్చుతుంది? డిజిటల్ మిషన్ మీద పెట్టి చూశాడు. అది గాలికొక అంకె, గడియకొక అంకె చూపించింది. తులాలు తూచే దొరగారికి గోలీ ఆనలేదు.

అప్పుడు బీరువా తలుపు తెరుచుకుంది.

నేను గర్వపడలేదని అబద్ధం చెప్పను. కొత్త దారాలు కట్టించుకుని, చింతపండుతో తోమించుకుని, శంభయ్య సంచిలో జగిత్యాల వెళ్లాను. డాక్టరమ్మ గదిలో శంభయ్య అన్న మొదటి మాట, "మేడం, జర ఫ్యాను బంద్ చెయ్యున్రి." ఎండాకాలంలో, బయట పాతికమంది కూర్చుని ఉండగా, ఆమె ఫ్యాను ఆపింది! ఒక పళ్లెంలో గోలీ, ఒక పళ్లెంలో గింజలు. ఒక గురిగింజ వేస్తే సరిపోయీ సరిపోనట్టు ఉంది. దాన్ని తీసి, వెంట తెచ్చిన నల్లనువ్వులు వేస్తూ పోతే నలభయ్యో నువ్వుకు ముల్లు నిలబడింది.

డాక్టరమ్మ గోలీ అట్టను తిప్పి చూసింది. "ఈ రకం గోలీ అరగదీయొచ్చు, అన్నీ పనికిరావు. ముందు నాలుగు నువ్వులంత తియ్యండి. రెండు వారాలు అట్లనే ఉండండి. తర్వాత ఎంతనేది నేను చెప్తా. కష్టమైతే ఉన్నకాడ ఆగి ఫోన్ చెయ్యండి. గాభరా అయినప్పుడు ఊపిరి మెల్లగ వదలడం నేర్చుకోండి," అంది. తర్వాత నా ముల్లును వేలితో చూపిస్తూ, "బంగారం తీరుగ గోలీని తూచినోళ్లను ఇప్పటిదాకా చూడలే," అని నవ్వింది.

ఇంట్లో మాత్రం కళావతి అడ్డుపడింది. "నువ్వులా! పోయినోళ్లకు వదిలే నువ్వులతోని బతికున్న మనిషి మందు తూస్తరా?" చివరికి రాజీ కుదిరింది. నల్లనువ్వులు తీసేసి, లడ్డూలు చేసే తెల్లనువ్వులు తెచ్చి, వాటిలో ఒకే తీరున్న నలభై ఏరి పెట్టింది.

ఇక మొదలైంది మా పని. రోజూ పొద్దున స్నానం చేసి, కాగితం పరిచి, చిన్న ఆకురాయితో గోలీ అంచును రెండుసార్లు గీకి నా మీద పెట్టేవాడు. ఇంకొంచెం గీకి మళ్లీ పెట్టేవాడు. ముప్పై ఆరు నువ్వులకు సరిపోయాక సాయంత్రానికి దాన్ని డబ్బాలో వేసేవాడు. ప్రతి తరుగుకూ మూడో రోజు నుంచి వారం దాకా ఒంటికి అల తగిలేది. చెవుల్లో రొద, ఉత్తపుణ్యానికి చెమట, ఎవరో తరుముతున్నట్టు ఆత్రం. ఆ వేళల్లో ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. నన్ను ఖాళీ పళ్లాలతో వేలాడదీసి, జానెడు దూరంలో ముఖం పెట్టి కూర్చునేవాడు. నా ముల్లు కదలకుండా ఊపిరి వదలాలి. మొదట్లో ఆయన ఊపిరికి నేను గాలిపటంలా ఊగిపోయేదాన్ని. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. మెల్లగా ఊపిరి సన్నబడేది. ముల్లు నిలిచేది. ముల్లు నిలిచేసరికి చేతులూ నిలిచేవి. నిట్టూర్పులు పడని త్రాసు నిట్టూర్పులకే మందయింది.

ముప్పై ఆరు, ముప్పై మూడు, ముప్పై. ఈలోపు రితికకు పదకొండో నెల వచ్చి పోయింది. "మూడో ఏట చూద్దామక్కా," అన్నాడు శంభయ్య. ఎల్లవ్వ అల్లుడు, చెవులకు తుపాకీ కొట్టే దుకాణానికి పోదామన్నాడు. ఎల్లవ్వ వినలేదు. "మా పిల్ల చెవులకు తుపాకీ ఎందుకు, అదేమన్న యుద్ధం చేసిందా?" అని కసిరింది.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. కానీ అవుసలి తప్ప ఇంకెవరూ చేయలేని ఒక పొరపాటు మా ఇంట్లో జరుగుతోంది. గోలీ గీకినప్పుడు రాలిన తెల్ల పొడిని శంభయ్య పారేయలేదు. కుంచెతో ఊడ్చి, కాగితంలో మడిచి, నా పెట్టెలో ఆ పనిలేని గుంటలో పెట్టాడు. రోజూ ఇంత. మొదట్లో అది అలవాటు, అంతే. రజను పారేస్తే చెయ్యి విరిగిపోతుందన్నట్టు పెరిగిన మనిషి మరి.

ఆరో నెలలో ఒక జీపు దుకాణం ముందు ఆగింది. ఎవరిదో అడ్రసు అడిగి వెళ్లిపోయింది. ఆ రోజు శంభయ్య నన్ను వేలాడదీయలేదు. నేరుగా ఆ గుంటలో వేలు పెట్టి, పొట్లం విప్పి, ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత వారానికి రెండుసార్లు. నా పళ్లెంలో తరుగుతున్నదంతా చాటుగా గుంటలోంచి తిరిగొస్తోంది. ఒకనాడు తక్కువ, ఒకనాడు ఎక్కువ. అలలు పెద్దవయ్యాయి. ఫోన్లో డాక్టరమ్మ, "ఇంత తక్కువ దింపుతున్నా ఇట్లెందుకైతున్నది?" అని ఆలోచనలో పడింది. నేను అబద్ధం చెప్పలేని దాన్ని. నోరూ లేనిదాన్ని. నా పళ్లెంలో పెట్టని దానికి నేను సాక్ష్యం ఎట్లా చెప్పను?

పురుగు పట్టిన నువ్వులు మార్చడానికి కళావతి పెట్టె తెరిచింది. పొట్లం చేతికి తగిలింది.

"గిదేంది? తెల్ల రజను?"

శంభయ్య తల వంచుకున్నాడు. "పారెయ్య బుద్ధి కాలేదే. నలభై ఏండ్లసంది రజను పారేసిన చెయ్యి కాదిది."

"దాచినవు సరే. తిన్నవా?"

తల ఎత్తకుండానే చెప్పాడు. "జీపు వచ్చిననాడు జరంత. తర్వాత గూడ తిన్న."

కళావతి పొట్లాన్ని నా పళ్లెంలో పెట్టింది. నా దండె ఆ వైపు ఒరిగిపోయింది. "నిన్ను దొంగ అన్నోళ్లతోని స్టేషన్ ముంగట కొట్లాడిన. నా పెనిమిటి ఎవ్వరి పొడి దాయడని ఒట్టేసి చెప్పిన. అది నిజమే. నువ్వు నీ పొడి నువ్వే దాస్కున్నవు," అంది. గొంతు పెంచలేదు. ఆ మాటకు శంభయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. స్టేషన్ నుంచి వచ్చిన రోజు కూడా ఆయన ఏడవలేదు. ఆ ఏడుపు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది, వచ్చి మంచి పని చేసింది.

డాక్టరమ్మకు ఫోన్ కలిపి, ఆయనే చెప్పాడు, దాచకుండా. "చెప్పి మంచి పని చేసిండ్రు. తప్పు చేసిన మొఖం పెట్టకండి. నాకు తెల్వక మీకు లెక్క ఇచ్చిన, అంతే. ఇప్పుడున్నకాడనే నెలరోజులు ఆగుదాం. తర్వాత రెండు నువ్వుల చొప్పున పోదాం, ఇంకా మెల్లగ. మనల్ని తరిమేటోళ్లు ఎవరున్నరు?" అంది.

ఆ సాయంత్రం శంభయ్య ఆమె చెప్పినట్టే పొట్లం విప్పి, తడి టీపొడిలో ఆ పొడిని కలిపేసి, కవరులో మూటకట్టి చెత్తబండిలో వేశాడు. రజను పారేయడం ఆ ఇంట్లో రెండు తరాలలో అదే మొదటిసారి. వెనక్కి వచ్చి ఖాళీ గుంటను గుడ్డతో తుడిచాడు. చెయ్యి విరగలేదు.

తర్వాత సంగతి చెప్పడానికి తేలిక, గడపడానికి కాదు. రెండేసి నువ్వులు, చివరికొచ్చేసరికి ఒక్కొక్క నువ్వు. కొన్ని నెలలు ఆగిన చోటే ఆగాం. జీపులు వచ్చాయి, పోయాయి. శంభయ్య నా ముందు కూర్చునేవాడు, అంతే. గోలీ సన్నబడి సన్నబడి చివరికి చిన్న పలుకు అయింది. రెండు నువ్వులకు తూగింది. డాక్టరమ్మ ఇక చాలంది. ఆ రోజు శంభయ్య పలుకును పక్కన పెట్టి, ఆ రెండు నువ్వులను నోట్లో వేసుకుని కసకస నమిలాడు. కళావతి నవ్విన నవ్వుకు నా పళ్లాలు కదిలాయి. ఆ తర్వాత కూడా మూడు వారాలు నిద్ర తిక్కతిక్కగా ఉండింది, చెవుల్లో రొద వచ్చి పోతూ ఉండింది. వచ్చినట్టే పోయింది.

రితికకు మూడో ఏడు నడుస్తుండగా శంభయ్య తనే రోడ్డు దాటి, ఎల్లవ్వ అరుగు దగ్గరికి వెళ్లి పిలిచాడు.

మేనమామ వచ్చాడు, బెల్లం వచ్చింది. పిల్లకు ఇప్పుడు మాటలొచ్చు, కాబట్టి అది పెద్ద పేచీ. శంభయ్య ఎల్లవ్వ ఇచ్చిన బంగారపు రవ్వతో రెండు తీగలు లాగి, అరగదీసి, ఒక్కో పళ్లెంలో ఒక్కోటి వేశాడు. గింజలు లేవు, నువ్వులు లేవు. ఒకదానికొకటే తూకం. రితిక నా దగ్గరకు వచ్చి మూతి ముడిచి "ఉఫ్" అని ఊదింది. నేను తలకిందులైనంత పనైంది. శంభయ్య కోప్పడలేదు. "ఆగు, అది నిలవడాలె," అని పిల్ల పక్కనే కూర్చుని, మెల్లగా ఊపిరి వదిలాడు. పిల్లా చూసి అలాగే వదిలింది. ముల్లు నిలబడింది.

ఎడమ చెవి అయింది. ఏడుపు ఇంటికప్పు లేపింది. కుడి చెవికి కుంకుమ చుక్క పెట్టి తీగ ఎత్తాడో లేదో, బయట జీపు ఆగింది. నాకు ఆ చప్పుడు తెలుసు. కళావతికి తెలుసు. ఆమె గుమ్మం దగ్గర కట్టెలా నిలబడిపోయింది. శంభయ్య తీగ దించలేదు. కళ్లు నా ముల్లు మీద పెట్టి ఒక ఊపిరి తీశాడు, వదిలాడు. తీగ చుక్కలోంచి దాటింది. ముడి తిప్పేశాడు. బయట జీపు వాళ్లు సోడా తాగి వెళ్లిపోయారు.

పిల్ల బెల్లం చప్పరిస్తుండగా శంభయ్య తీగల నుంచి రాలిన రజనును ఊడ్చి, కాగితంలో మడిచి ఎల్లవ్వ చేతిలో పెట్టాడు.

"అక్కా, ఆనాడు ముహూర్తం మంచిగనే ఉండె. నా చేతులే మంచిగ లేకుండె. నీకు అబద్ధం చెప్పిన," అన్నాడు.

ఎల్లవ్వ పొట్లాన్ని కొంగున ముడేసుకుంది. "నాకెరుక లేదా తమ్మీ? ముప్పై ఏండ్లసంది బీడీలు చుడుతున్న. మనిషిని చూస్తే ముందు చేతులే చూస్త. అందుకే గదా ఆగిన," అంది.

ఇప్పుడు నేను బీరువాలో లేను. కిటికీ పక్కన మేకుకు వేలాడుతున్నాను. తూకాలన్నీ డిజిటల్ మిషనే చూసుకుంటుంది, నాకేమీ కడుపుమంట లేదు. పెట్టెలో ఆ పనిలేని గుంట మళ్లీ ఖాళీగానే ఉంది. రోజూ పొద్దున శంభయ్య దుకాణం తెరిచి, దీపం పెట్టి, నా ముందు కాసేపు కూర్చుని పనిలోకి దిగుతాడు.